పుణ్యం పద్దు

ఉజ్బెక్‌ల పాత ఊళ్ళో ఆడవాళ్ళ ఆస్పత్రి తలుపు తీసేది బహ్రి. మూసేదీ ఆమే. ఈ రెంటికీ మధ్య పొయ్యి రాజెయ్యాలి, నీళ్ళు కాచాలి, నెత్తుటి గుడ్డలు ఉతికి ఆరెయ్యాలి. వచ్చిన ఆడవాళ్ళ బాధని వాళ్ళ నోటినుంచి రాబట్టి రష్యన్ డాక్టరమ్మకి చెప్పాలి. డాక్టరమ్మ చెప్పిన మందు సంగతి వాళ్ళకి తలకెక్కేదాకా చెప్పాలి. నగర సభ జీతాల జాబితాలో మాత్రం ఆమె పేరు లేదు, “ఊడ్చే మనిషి, ఒకరు” అని ఉంది.

రష్యన్ భాష ఆమె ఏ బడిలోనూ నేర్చుకోలేదు. బండి తోలే మొగుడు కొండదారిలో చనిపోయాక, కాలవకి అవతల, రష్యన్ పాలకులు కట్టుకున్న కొత్త ఊళ్ళో, ఒక సైనికాధికారి ఇంట్లో బట్టలుతికింది. ఏళ్ళ తరబడి ఉతికింది. ఆ ఇంటావిడ తిట్లతో మొదలుపెట్టి భాషంతా వంటబట్టించుకుంది. అప్పట్లో మహల్లా ఆడవాళ్ళు, అంటే ఆమె పేటవాళ్ళు, ఆమె చేతి రొట్టె ముట్టుకునేవాళ్ళు కారు. “మర్జాల మైల ఉతికిన చేతులు” అనేవాళ్ళు. మర్జాలంటే వాళ్ళ నోట రష్యన్ ఆడవాళ్ళు. ఆస్పత్రి వచ్చాక ఆ నోళ్ళే సందు చివరినుంచి “బహ్రి అపా, అక్కా, నువ్వు పక్కనుంటేనే లోపలికొస్తా” అనసాగాయి. బహ్రి రానిచ్చేది, పాతమాట ఒకటి గుర్తుచేసి మరీ రానిచ్చేది. “రా తల్లీ, రా. మైల చేతులే, చూసుకో.”

ఆస్పత్రి అంటే ఒక పాత సరాయిలో అద్దెకి తీసుకున్న రెండు గదులు, ముందు కొంచెం వాకిలి. మట్టి కప్పు. మంచు కరిగినప్పుడల్లా లోపలి గది మూల కారేది. పొద్దున్నే డాక్టరమ్మ లిడియా పావ్లోవ్నా గుర్రబ్బండిలో వచ్చేది, మధ్యాహ్నం నమాజు పిలుపు వినపడగానే సంచీ సర్దుకునేది. ఆమెకి కొత్త ఊళ్ళో ఇంకో ఆస్పత్రి ఉంది, అక్కడి రోగులు ఆలస్యం సహించరు. ఆమె వెళ్ళాక తాళం పడేది. ఆ తర్వాత ఎవరికి నొప్పులు వచ్చినా ఇంటి ముసలమ్మే దిక్కు, ఆ పైన దేవుడు.

ఏటా శరత్తులో, నగర సభ రాబోయే ఏడాది ఖర్చులు రాసుకునేటప్పుడు, డాక్టరమ్మ ఒక మనవి పంపేది. రాత్రిళ్ళు ఇక్కడే ఉండే మంత్రసాని ఒకరు కావాలి, ఆమెకి ఒక గది, ఒక పొయ్యి, చలికాలానికి కట్టెలు. ఏటా జవాబు ఒకటే: నిధులు లేవు. ఆ నిధులు ఎక్కడున్నాయో కాలవ వంతెన మీద నిలబడితే కనపడేవి. కొత్త ఊరి పెద్దబాట పొడుగునా దీపస్తంభాలు. వరసగా పాప్లర్ చెట్లు, వాటికి రోజూ నీళ్ళు చల్లే మనిషి. ఆదివారాలు సైనికుల బ్యాండు వాయించడానికి చెక్కతో కట్టిన మంటపం. పన్ను కట్టేవాళ్ళలో ఎక్కువమంది ఇవతలి ఒడ్డు దుకాణదారులు. ఇవతలి ఒడ్డున ఒక్క దీపం లేదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుండేది వ్యవహారం. అడగడానికి వెళ్తే దరఖాస్తు రష్యన్‌లో ఉండాలనేవాళ్ళు.

ఆ ఏడు మాత్రం కబురు వేరేగా వచ్చింది. నగర సభ ఖర్చుల సంఘం వాళ్ళే స్వయంగా వచ్చి చూస్తారట. లిడియా పావ్లోవ్నా ముఖం వెలిగిపోయింది. “కళ్ళారా చూస్తే ఇవ్వకుండా ఉండలేరు, బహ్రీ” అంది.

ఆ మాట సాయంత్రానికి మహల్లా అంతా పాకింది. మహల్లా పెద్ద ఎర్నజర్ ఆక్సకాల్ తెల్లగడ్డం నిమురుకుంటూ వాకిట్లోకి వచ్చాడు. గోడలు చూశాడు, కప్పు చూశాడు, నేల చూశాడు.

“ఇందులోకా అతిథుల్ని రమ్మనేది?” అన్నాడు. “సిగ్గుపోతుంది మనకి.”

“వాళ్ళు చూడవలసింది ఇదే కదా, అకా” అంది బహ్రి. అతన్ని అన్న వరసతోనే పిలిచేది.

“చూస్తారులే. వచ్చినవాడికి ముందు కూర్చోడానికి చోటు చూపించాలా, చిల్లు చూపించాలా? మా నాన్న కరువు ఏడు కూడా గుమ్మంలోకి వచ్చినవాణ్ణి ఎండు రొట్టెతో పంపలేదు.”

బహ్రి ఎదురు చెప్పలేదు. చెప్పాలని ఆమెకి తోచనూ లేదు. అతిథి వస్తుంటే చేసే పనులు ఆమె చేతులకీ తెలుసు. తనే గోడలకి సున్నం కొట్టింది. కప్పు కారి గోడమీద పడిన నల్లచారికలు సున్నానికి లొంగకపోతే, ఇంటికెళ్ళి పెట్టె తెరిచి, తన పెళ్ళినాటి ఎర్రపూల కుట్టుపని దుప్పటి తెచ్చి ఆ మూల నిలువునా వేలాడదీసింది. ఎర్నజర్ ఇంటినుంచి బుఖారా తివాచీ వచ్చింది. ఒక ఇంటినుంచి పట్టు పరుపులు, ఇంకో ఇంటినుంచి టీ నీళ్ళు కాచే ఇత్తడి సమోవార్ వచ్చాయి. గొర్రెని కోశారు. పలావు కుండ కింద మంట వేయడానికి ఆస్పత్రి కట్టెలు చాలక, ఎర్నజర్ పెద్దకొడుకు తన ఇంటి కట్టెలు మోసుకొచ్చాడు. అతని భార్య అదలత్ రొట్టెలు కాల్చి పంపింది. అప్పటికి ఆమెకి నాలుగో నెల. తొలిచూలు.

సంఘం పెద్ద జబెలిన్ తోరా, అంటే జబెలిన్ దొర, బొద్దుగా, నవ్వుముఖంతో ఉన్నాడు. వెంట ఒక గుమాస్తా, తాతార్ దుబాసీ సఫర్‌గలీ. వాకిట్లో మగవాళ్ళంతా గుండెమీద చెయ్యి పెట్టుకుని వంగారు. బహ్రి ముసుగు దించుకుని లోపలి గది గుమ్మం పక్కన నిలబడింది.

పలావు అయ్యాక, ఖర్బూజా ముక్కలు అయ్యాక, జబెలిన్ మర్యాదగా అడిగాడు. దుబాసీ ఉజ్బెక్‌లో చెప్పాడు: “ఎలా ఉన్నారు? ఇక్కడ ఏమైనా లోటుందా అని తోరా అడుగుతున్నారు.”

“దేవుడి దయ” అన్నాడు ఎర్నజర్. “మీ చల్లని నీడ. అన్నీ ఉన్నాయి.”

లిడియా పావ్లోవ్నా గరిట పట్టుకున్నట్టు చెంచా పట్టుకుని అలాగే ఉండిపోయింది. ఆమెకి ఉజ్బెక్ అంతగా రాదు గాని ఆ మాట తెలుసు.

జబెలిన్ గుమ్మం వైపు తిరిగాడు. “ఈ స్త్రీకి ఇచ్చే జీతం సరిపోతోందా?”

దుబాసీ ఆ ప్రశ్న చెప్పగానే అందరి తలలూ ఇటు తిరిగాయి. పట్టు పరుపు మీద కూర్చున్న అతిథి ముందు, ఊరి మగవాళ్ళందరి ముందు, విధవరాలు నాకు చాలడంలేదని ఎలా అంటుంది? బహ్రి గొంతు తగ్గించి, ఉజ్బెక్‌లోనే పద్ధతిగా చెప్పింది: “జీతం కోసమా తోరా. పుణ్యం కోసం చేస్తున్నాం.”

వాకిట్లో మెచ్చుకోలు గుసగుసలాడింది. ఎర్నజర్ తల ఊపాడు.

అప్పుడు జబెలిన్ గుమాస్తా వైపు వంగి రష్యన్‌లో అన్న మాట బహ్రి విన్నది. “చూశావా? వీళ్ళు మనకన్నా బాగా బతుకుతున్నారు. ఆ డాక్టరమ్మకి ఊరికే ఏడుపు.”

గుమాస్తా నవ్వి, దుప్పటి మీద ఎర్రపూలు చూసి, ఇలాంటిది బజార్లో ఎంతుంటుందో అన్నాడు.

బహ్రికి ముసుగులో చెవులు మండాయి. కాని అతిథి నోటిలో ఇంకా మన రొట్టె ఉండగా అతన్ని గద్దించడం ఆమెకి తెలియదు. ఆ రోజు అతన్ని సాగనంపుతూ అందరితోపాటు ఆమె కూడా తల వంచింది.

జవాబు మంచుకి ముందే వచ్చింది. స్థానికులు తృప్తిగా, సమృద్ధిగా ఉన్నారు, తమ ఆస్పత్రిని తామే శ్రద్ధగా చూసుకుంటున్నారు, అదనపు ఖర్చు అవసరం కనపడలేదు. లిడియా పావ్లోవ్నా చదివి వినిపించి కాగితం మడిచింది. “మీరెందుకలా అన్నారు?” అని మాత్రం అడిగింది. బహ్రి దుప్పటి విప్పి మడతపెట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. దాని వెనక గోడ మళ్ళీ నల్లబడింది.

చలికాలం నడిమధ్యలో, పొద్దుగూకే వేళ, ఎర్నజర్ స్వయంగా ఆమె గుమ్మంలోకి వచ్చాడు. తలపాగా లేదు. అదలత్‌కి నెల నిండకముందే నొప్పులు పట్టాయి, నెత్తురు ఆగడం లేదు. బహ్రి ఆస్పత్రి తాళం తీసింది. లోపల చల్లటి పొయ్యి, ఖాళీ బల్ల, వాసన పోయిన మందు సీసాలు. అక్కడ చెయ్యడానికి ఏమీ లేదు. డాక్టరమ్మ కోసం కొత్త ఊరికి బండి కట్టారు. మంచులో చక్రం కూరుకుపోయింది. వంతెన దగ్గర కావలివాడు ఎవరు, ఎందుకు అంటూ ప్రశ్నలు వేశాడు. డాక్టరమ్మ ఏదో విందు మధ్యనుంచి లేచి, పట్టుబట్టల మీదే కోటు వేసుకుని వచ్చింది. ఆమె వచ్చేసరికి అదలత్ చేతులు చల్లబడి ఉన్నాయి. బిడ్డా దక్కలేదు.

లిడియా పావ్లోవ్నా చేతులు కడుక్కుంటూ, ఎర్నజర్ వైపు చూసి, “పొద్దుగూకేటప్పుడు ఎవరైనా ఒక్కరు ఇక్కడ ఉండి ఉంటే బతికేది. ఇది చిన్న పని” అంది.

“ఏమంటోంది?” అన్నాడు ఎర్నజర్.

“దేవుడి నిర్ణయం అంటోంది” అంది బహ్రి.

ఆస్పత్రిలో అన్నేళ్ళలో ఆమె మార్చి చెప్పిన మాట అదొక్కటే. ఇంటికి వచ్చాక ఆ మాట ఆమెని నిద్రపోనివ్వలేదు. ఆ తర్వాత కోపం వచ్చింది. మొదట తనమీద, ఆ తర్వాత ఎర్నజర్ తివాచీ మీద, ఆ తర్వాత ఆ పట్టు పరుపు మీద కూర్చుని ఖర్బూజా తిన్న నవ్వుముఖం మీద. ఆ కోపం వసంతంలో కరగలేదు. పట్టుపురుగులకి మల్బరీ ఆకు కోస్తున్నా, గుడ్డలుతుకుతున్నా, పళ్ళ బిగువు సడలేది కాదు. మహల్లా ఆడవాళ్ళు “అపాకి ఏదో పట్టింది” అనుకున్నారు.

మళ్ళీ శరత్తు వచ్చింది. మళ్ళీ సంఘం వస్తోందన్నారు. ఈసారి ఖర్చులు తగ్గించడానికి.

ఆ ఉదయం సన్నగా వాన పడుతోంది. బహ్రి వాకిలి తలుపు ఒక రెక్క మూసి, రెండో రెక్కకి అడ్డంగా చీపురు పట్టుకుని నిలబడింది. ఎర్నజర్ వచ్చాడు. భుజం మీద చుట్టిన బుఖారా తివాచీ. వెనక ఇద్దరు సమోవార్ మోస్తున్నారు.

“తప్పుకో చెల్లీ. తడిసిపోతోంది.”

“తడవనీ. లోపలికి రాదు.”

“ఏమిటీ?”

“తివాచీ రాదు, సమోవార్ రాదు. రొట్టె ముక్క కూడా రాదు. మీరు కావాలంటే రండి, ఒట్టి చేతులతో.”

సమోవార్ మోస్తున్నవాళ్ళలో ఒకడు నవ్వాడు. “అపాకి మర్జాల ఇంట్లో గాలి సోకింది. వాళ్ళు కూడా చుట్టాలొస్తే తలుపేసుకుంటారట.”

“నువ్వు నోరు మూసుకుని ఆ ఇత్తడి గాడిదని ఇంటికి తోలు” అంది బహ్రి. “పోయిన ఏడు దాని చుట్టూ కూర్చునే మన కొంప ముంచుకున్నాం.”

ఎర్నజర్ తివాచీ భుజం మార్చుకున్నాడు. “అతిథికి గుమ్మంలో నీళ్ళివ్వని మహల్లా అని పేరొస్తే ఇక మన పిల్లల్ని ఎవడు చేసుకుంటాడు? నా గడ్డం చూసైనా తప్పుకో.”

“మీ గడ్డం చూసే పోయిన ఏడు ఊరుకున్నాను అకా. మీ కోడలు పోయిన రోజు డాక్టరమ్మ ఒక మాటంది. మీకు నేను వేరే చెప్పాను. పొద్దుగూకేటప్పుడు ఒక మనిషి ఇక్కడ ఉండి ఉంటే ఆ పిల్ల బతికేదంది. చిన్న పనంది. ఆ మనిషిని ఇవ్వడానికి వచ్చినవాణ్ణి మనం మీ తివాచీ మీద కూర్చోబెట్టి, మాకేం తక్కువ లేదని చెప్పి పంపాం. పరవండి ఇప్పుడు. ఎవరి కోడలి కోసం పరుస్తున్నారో చెప్పి మరీ పరవండి.”

ఎర్నజర్ కదల్లేదు. తివాచీ దించలేదు, లోపలికి తేనూ లేదు. వాన దాని మీద పడుతూనే ఉంది. సమోవార్ మోసేవాళ్ళు ఎటు పోవాలో తెలియక గోడకి ఆనుకున్నారు.

బండి వచ్చి ఆగింది అప్పుడే. జబెలిన్ దిగి, బురదలో కాలు పెట్టి, చుట్టూ చూశాడు. పరుపులు లేవు, పొగ లేదు, మాంసం వాసన లేదు. అతని ముఖంలో నవ్వు ఎక్కడ నిలబడాలో తెలియక ఉండిపోయింది. ఎర్నజర్‌ని గుర్తుపట్టి, మర్యాదగా ఏదో అన్నాడు.

“ఇంట్లో అందరూ కులాసానా అని తోరా అడుగుతున్నారు” అన్నాడు సఫర్‌గలీ.

ఎర్నజర్ చెయ్యి అలవాటు ప్రకారం గుండె మీదికి వెళ్ళింది. నోరు తెరిచాడు. “దేవుడి...” అన్నాడు. ఆగాడు. మళ్ళీ “దేవుడి...” అన్నాడు. చివరికి, “కోడలు పోయింది తోరా. ఇక్కడ ఎవరూ లేక పోయింది” అన్నాడు.

దుబాసీ రష్యన్‌లో చెప్పాడు: “ఈయన కోడలు దేవుడి దగ్గరికి వెళ్ళింది. అడిగినందుకు కృతజ్ఞతలు చెబుతున్నాడు.”

“అలా అనలేదు” అంది బహ్రి, రష్యన్‌లో.

జబెలిన్ ఉలిక్కిపడి ముసుగు వైపు చూశాడు. సఫర్‌గలీ పళ్ళు బిగించి ఉజ్బెక్‌లో గొణిగాడు, “నా పొట్ట కొట్టకమ్మా.”

“నీ పొట్ట తర్వాత చూద్దాం సఫర్‌గలీ మీర్జా” అని, మళ్ళీ రష్యన్‌లోకి తిరిగింది బహ్రి. “ఇక్కడ ఎవరూ లేక పోయింది అన్నాడు. కృతజ్ఞతలు చెప్పలేదు. లోపలికి రండి తోరా, ఈ మూల చూడండి. పోయిన ఏడు దీనిమీద నా పెళ్ళి దుప్పటి ఉంది. మీ గుమాస్తాగారు బేరం చేశారు.”

గుమాస్తా గోడ వైపు చూడకుండా కాగితాలు చూసుకున్నాడు. కప్పునుంచి నీళ్ళు ధారగా బకెట్లో పడుతున్నాయి. లిడియా పావ్లోవ్నా కిటికీ దగ్గర నిలబడి ఆ బకెట్ వైపే చూస్తోంది.

“పోయిన ఏడు ఏ లోటూ లేదన్నారే” అన్నాడు జబెలిన్ చిరాగ్గా.

“పోయిన ఏడు మీరు మా రొట్టె తింటున్నారు. తినేవాడితో ఆకలవుతోందని ఎవరంటారు? మీ ఊళ్ళో అంటారేమో. ఈ ఏడు మీకేం పెట్టలేదు, అందుకని నిజం చెప్పొచ్చు. మా దుకాణాల పన్నుతో మీ చెట్లకి నీళ్ళు పోసేవాడికి జీతం ఇస్తున్నారు. మా ఆడవాళ్ళకి రాత్రి తోడు ఒక మనిషిని ఇవ్వడానికి లేదంటున్నారు. చెట్టు చస్తే ఇంకో మొక్క నాటుకోవచ్చు తోరా.”

ఆమె గొంతు పెరిగింది. ఇంతమంది మగవాళ్ళ మధ్య ఒక ఆడదాని గొంతు అంత ఎత్తున వినడం ఆ వాకిట్లో ఎవరికీ అలవాటు లేదు. సమోవార్ మోసేవాళ్ళు తలలు దించుకున్నారు. జబెలిన్ “మొరటు మనిషి” అని గుమాస్తాతో అని, బండెక్కాడు. అతన్ని సాగనంపడానికి ఎవరూ కదల్లేదు. ఎర్నజర్ తడిసిన తివాచీ భుజాన వేసుకుని, ఎవరివైపూ చూడకుండా ఇంటికి వెళ్ళిపోయాడు.

ఆ చలికాలమంతా మహల్లాలో ఆమెతో మాట కలిపినవాళ్ళు తక్కువ. బజార్లో రొట్టెలమ్మేవాడు కూడా “అమ్మా, నీకు ఇస్తే మళ్ళీ నన్ను తిడతావేమో” అనేవాడు.

జవాబు వచ్చిన రోజు లిడియా పావ్లోవ్నా మామూలుకన్నా ముందే వచ్చింది. సంచీ కింద పెట్టలేదు.

“మంత్రసానిని ఇచ్చారు, బహ్రీ. ఒక ఏడాదికి. ఇక్కడే ఉంటుంది.”

బహ్రి గోడకి ఆనుకుంది. ముందు తను తప్పు విన్నాననుకుంది. “కప్పు?”

“కప్పు లేదు.”

“కట్టెలు?”

“కొంచెం.” డాక్టరమ్మ చేతి తొడుగు లాక్కుంటూ ఉంది. “మొత్తం ఖర్చు పెరగకూడదన్నారు. ఉన్నదాంట్లోంచే సర్దాలన్నారు. ఊడ్చే మనిషి జీతం తీసేశారు. నువ్వే చెప్పావట కదా, జీతం కోసం కాదు పుణ్యం కోసం చేస్తున్నానని. పోయిన ఏటి కాగితాల్లో అలా రాసి ఉందట.”

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ మాట కాలవ దాటి, కొత్త ఊళ్ళో ఒక బీరువాలో ఏడాదిపాటు పడుకుని, ఆమె కూడు తినడానికి తిరిగొచ్చింది.

“మీరేమన్నారు?” అంది బహ్రి.

“సంతకం పెట్టాను. పెట్టకపోతే మంత్రసాని కూడా పోయేది.”

“ఒక చెయ్యి నరికి రెండో చేతికి అతికించి, చూడండి మీకు కొత్త చెయ్యిచ్చాం అంటున్నారు. మీరు దానికి కట్టు కట్టారు.”

లిడియా పావ్లోవ్నా ముఖం ఎర్రబడింది. “నాకు చేతనైంది చేశాను.”

“చేశారు. నేనూ చేశాను” అని, బహ్రి నడుముకి కట్టుకున్న తాళం చెవి విప్పి బల్లమీద పెట్టింది. చీపురు మాత్రం వదల్లేదు. అది ఆమె సొంతం.

లేతగులాబీ రంగు ఆప్రికాట్ మొగ్గలు విచ్చే వేళకి మంత్రసాని వచ్చింది. దార్యా. ఎముకలు తేలిన చేతులు, తాడు కట్టిన పెట్టె. వోల్గా తీరంనుంచి వచ్చింది, ఒక్క ఉజ్బెక్ మాట రాదు. బహ్రి అప్పటికి ఒక వ్యాపారి మిద్దెలో పత్తినుంచి గింజలు ఒలిచే కూలికి వెళ్తోంది. ఎర్నజర్ మనిషిని పంపాడు. అతనే స్వయంగా రాలేదు. “నీ అవసరం పడింది, రమ్మన్నారు” అన్నాడు వచ్చినవాడు.

చీపురు పట్టుకుని ఆమె వెళ్ళేసరికి వాకిట్లో ఆడవాళ్ళు గుమిగూడి ఉన్నారు. నెత్తిమీద పళ్ళేలు, పళ్ళేల్లో వేడి రొట్టెలు, ఎండుద్రాక్ష, కలకండ. ఇద్దరు ఒక పరుపు పరుస్తున్నారు. మధ్యలో దార్యా బిక్కమొగం వేసుకుని పెట్టె మీద కూర్చుంది. తలుపు దగ్గర ఎర్నజర్ నిలబడి ఉన్నాడు, ఒట్టి చేతులతో.

దార్యా బహ్రి రష్యన్ విని ప్రాణం లేచొచ్చినట్టు లేచింది. “అమ్మా, ఇక్కడ ఎలా ఉందో అడుగు. అన్నీ ఉన్నాయా వీళ్ళకి?”

బహ్రి ఆ ప్రశ్నని అందరికీ వినిపించింది. ఒక్కసారిగా, పాఠం అప్పజెప్పినట్టు, ఆడవాళ్ళంతా గుండెలమీద చేతులు పెట్టుకున్నారు. “దేవుడి దయ, అన్నీ...”

“ఆగండి!” అంది బహ్రి. చీపురు పరుపు మీద వేసి కొట్టింది. దుమ్ము లేచింది. “మళ్ళీ మొదలా?”

తలుపు దగ్గరనుంచి ఎర్నజర్ మెల్లగా అన్నాడు, “ఉన్నది చెప్పు చెల్లీ. నేనూ వింటాను, అందులో తప్పులేదు.”

బహ్రి దార్యా వైపు తిరిగింది. “ఏమీ లేదు. కప్పు కారుతుంది, కట్టెలు వారానికి కూడా చాలవు, మంచుకాలంలో నీళ్ళు గడ్డకడతాయి. నీకు కాగితం పెన్సిలు ఉన్నాయా? ఉంటే రాసుకో. శరత్తులో వాళ్ళొచ్చి అడుగుతారు.”

దార్యా పెట్టెలో వెతికి పెన్సిలు ముక్క తీసింది. “మరి నువ్వు? నువ్విక్కడ పనిచేస్తావా?”

“చేస్తాను. ఈ మహల్లాలో కాన్పు ఏ ఇంట్లో అయితే ఆ ఇల్లు నాకు కూలివ్వాలి.” ఈ మాట ఆమె ముందు ఉజ్బెక్‌లో, పళ్ళేలు మోస్తున్నవాళ్ళందరికీ వినపడేట్టు చెప్పి, ఆ తర్వాత రష్యన్‌లో చెప్పింది. “పుణ్యానికి రాలేదు. అది కూడా రాసుకో. అన్నిటికన్నా పైన రాసుకో.”